చట్టసభ అందరిదీ: పుంగ్గోల్ తెలుగువాళ్ల ప్రణాళిక

సింగపూర్‌లో మా హెచ్‌డీబీ ఫ్లాట్ల బ్లాకు కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగా ఉంది. ఒక వారం అక్కడ చైనీయుల ఇంటి శవజాగారం జరుగుతుంది. అగరుబత్తుల పొగ, రాత్రంతా దీపాలు. మరో వారం మలయ్ పెళ్లి పందిరి, బిర్యానీ ఘుమఘుమలు. పని కాగానే పందిరి విప్పుతారు, నేల కడుగుతారు. మర్నాడు ఆ నేల మీదే పిల్లలు ఆడుకుంటారు. ఆ చోటు ఏ ఒక్కరిదీ కాదు కాబట్టే అందరికీ దక్కుతోంది.

చట్టసభ కూడా అలాగే ఉండాలని కోరేవాళ్లం మేం. మాలో శనివారం ఒంటిపొద్దులుండేవాళ్లున్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు, నమాజు చేసేవాళ్లున్నారు, గోరా రచనలు చదివి పెరిగిన నాస్తికులున్నారు. ఈ కింది మాటల మీద అందరం ఒక్కటయ్యాం.

1. ఎంపీ అందరి మనిషి. సభలో ప్రమాణం చేసేది సింగపూర్ గణతంత్రానికి, రాజ్యాంగానికి. ఏ మతపీఠానికీ కాదు.

2. దేవుడి పేరు చెప్పి ఓటు అడగకూడదు. 2025 ఎన్నికల ప్రచారంలో మతాన్ని రాజకీయంలోకి లాగిన విదేశీయుల ఫేస్‌బుక్ పోస్టులను ప్రభుత్వం ఇక్కడ కనిపించకుండా చేయించింది. అది సరైన పని. భారతదేశంలోనూ మతం పేరిట ఓట్లడగడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం నిషేధించింది. ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాదు, ఓటరు మతానికీ వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు తేల్చింది.

3. చట్టానికి చూపే కారణం అందరికీ అందాలి. విశ్వాసం నుంచి పుట్టిన ఆలోచనను సభలో ఎవరైనా చెప్పవచ్చు. కానీ మా గ్రంథంలో ఉందన్నంత మాత్రాన అది చట్టం కాకూడదు. ఆ గ్రంథం చదవనివాళ్లకూ దాని మంచిచెడ్డలు విప్పి చెప్పాలి. బ్రిటన్ ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు పదవి వల్లే స్థానాలున్నాయి. అలాంటి వాటా ఏ మతానికీ వద్దు.

4. మతాన్ని చట్టసభ నుంచి వేరుచేయడమంటే వెలివేయడం కాదు. సింగపూర్ రాజ్యాంగం 15వ అధికరణం ఇచ్చిన మతస్వేచ్ఛ మాకు ప్రాణప్రదం. ముస్లింల పెళ్లి, విడాకుల కోసం 1966లో పార్లమెంటే చేసిన చట్టం లాంటి ఏర్పాట్లను గౌరవిస్తాం.

5. మతానికీ రాజకీయానికీ మధ్య గీసే ఈ హద్దు ప్రభుత్వానికీ ఉంది. మతాన్ని రాజకీయానికి వాడే బోధకులపై ఆంక్షలు పెట్టే అధికారం 1990 నాటి మతసామరస్య పరిరక్షణ చట్టం మంత్రికి ఇచ్చింది. ఆ అధికారం విద్వేషాన్ని ఆపడానికే వాడాలి, ప్రశ్నించే గొంతును నొక్కడానికి కాదు.

6. మన ఇంటి నుంచే మొదలు. ఊరి మతరాజకీయాలను ఇక్కడికి మోసుకురాం. ఉగాది వేదిక మీద ఎవరినీ ఓట్లడగనివ్వం. విషం చిమ్మే వాట్సాప్ సందేశం వస్తే ఇంకొకరికి పంపం. పంపింది సొంత మేనమామైనా సరే, తప్పని చెబుతాం.

తోటి తెలుగువారికి మా విన్నపం ఒక్కటే. జాతి, భాష, మతం తేడా లేకుండా ఒక్కటిగా ఉంటామని 1966లో సింగపూర్ నేత ఎస్. రాజరత్నం రాసిన జాతీయ ప్రతిజ్ఞను మన పిల్లలు కుడి పిడికిలి గుండెకు ఆనించి బడిలో పలుకుతున్నారు. పిల్లల చేత చెప్పిస్తున్న మాటను పెద్దలం నిలబెడదాం.