చార్జింగ్ ఎక్కనంటే... ముందు ముట్టుకుని చూడండి!

కరెంటు పోయినా పెద్దాయన నెబ్యులైజర్ ఆగకూడదని కొన్న పోర్టబుల్ పవర్ స్టేషన్, సరిగ్గా మే నెలలోనే మొరాయిస్తుంది. ప్లగ్గు పెట్టినా చార్జింగ్ ఎక్కదు. కమలాపురంలాంటి ఊళ్లలో మొదట అనుమానించాల్సింది ఎండనే. లోపలి లిథియం సెల్స్‌ను సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యే చార్జి చేయాలి. అది దాటితే రక్షణ సర్క్యూటే చార్జింగ్ ఆపేస్తుంది. నాపరాళ్ల మిద్దె కింద, కిటికీ పక్కన ఎండ పడేచోట పెడితే పెట్టె ఆ వేడికి చేరడం ఎంతసేపు? స్విచ్చాపి, గాలాడే నీడలో గంటో రెండు గంటలో ఉంచండి. తడిగుడ్డ మాత్రం కప్పొద్దు. వేసవంతా తెల్లవారుజామునే చార్జింగ్ పెట్టుకుంటే ఈ బెడదే ఉండదు.

చల్లారినా ఎక్కకపోతే? అదే సాకెట్లో టేబుల్ ఫ్యాను పెట్టి చూడండి. అది తిరిగితే కేబుల్ కొసలు వదులయ్యాయేమో గమనించండి. సోలార్ ప్యానెల్ వాడేవాళ్లు దాని వోల్టేజి, పెట్టె మీద రాసిన పరిమితి లోపలే ఉందో లేదో సరిచూసుకోవాలి.

నెలల తరబడి ఖాళీగా అటకెక్కించిన పెట్టె సంగతి వేరు. సెల్స్ వోల్టేజి మరీ పడిపోతే చార్జర్ వాటిని పట్టించుకోదు. అప్పుడు సర్వీసు సెంటరే గతి. ఇంట్లో మూత విప్పడం ప్రమాదం. పెట్టె ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా ఇక చార్జింగ్ జోలికే పోవద్దు.