గోనెపట్టాకి ఆశీలు, కారుకి ఊరికే!

మా వీధి మలుపులో ఓ మామ్మ ఆకుకూరలు అమ్ముతుంది. పెద్ద సరంజామా ఏమీ ఉండదు. ఓ గోనెపట్టా, దాని మీద తడిగుడ్డ కప్పిన తోటకూర, గోంగూర, చుక్కకూర కట్టలు, పక్కన చిల్లర వేసుకునే రేకుడబ్బా... అంతే ఆవిడ దుకాణం. పదిహేనేళ్ళ క్రితం నేను పెళ్ళయి ఈ దానవాయిపేట ఇంటికి వచ్చేసరికే ఆవిడ అక్కడ పాత కాపు. కొత్త కాపురం, కొత్త పొదుపు కదా, కట్ట దగ్గర అర్ధరూపాయి తగ్గించమని బేరమాడితే, "ఆశీలోడు తగ్గించడమ్మా, నేనెక్కణ్ణించి తగ్గించనూ?" అంటూ రేకుడబ్బాలోంచి నలిగిన చీటీ తీసి చూపించేది.

ఆశీలంటే మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కనో, సంతలోనో కూర్చుని అమ్ముకునే వాళ్ళ దగ్గర రోజుకింత అని వసూలు చేసే రుసుం. ఆ వసూలు హక్కుని పాట పెడతారు. పాడుకున్నవాడు మనుషుల్ని పెట్టి తట్టకింత, తోపుడుబండికింత అని రాబట్టుకుంటాడు. ఓసారి రద్దంటారు, ఓసారి ఉందంటారు. ఉన్నన్నాళ్ళూ మాత్రం వాన కురిసి సరుకు మిగిలిపోయిన రోజు కూడా మామ్మ ఆ చీటీ తీసుకోవలసిందే. కూర్చున్న జాగా ఊరిది, ఊరికే కూర్చోనివ్వరు అని ఆవిడ ఎప్పుడో ఒప్పేసుకుంది. ఆ విషయంలో ఆవిడ ఎవరితోనూ దెబ్బలాడగా నేను చూడలేదు.

కిందటి వేసవిలో ఆ మలుపులో ఓ తెల్లకారు వచ్చి ఆగింది. మర్నాడూ అక్కడే. ఓ నెల తిరిగేసరికి దాని వెనక ఇంకోటి. మామ్మ పట్టా మొదట రెండడుగులు జరిగింది. తర్వాత ఇంకో నాలుగు. ఆఖరికి మురుగుకాలవ పక్కకి చేరింది. అక్కడ కూర్చుంటే మెయిన్ రోడ్డుకి వెళ్ళేవాళ్ళకి కనబడదు. బేరం సగానికి సగం పడిపోయిందని చెప్పింది. ఆ కార్ల వాళ్ళ దగ్గరికి ఏ చీటీ పుస్తకమూ రాలేదు.

ఇందులో నేను సిగ్గుపడవలసిన సంగతి ఒకటుంది. ఆ రెండో కారు మాదే.

మావారు ఎన్నాళ్ళనించో ముచ్చటపడి, అప్పుచేసి కొన్న సెకండ్ హ్యాండ్ కారు. మా మామగారు ఈ ఇల్లు కట్టించినప్పుడు వసారాలో సైకిలు పెట్టుకోవడానికి చోటుంటే చాలుననుకున్నారు. ఆ తర్వాత స్కూటరు కూడా సర్దుకుంది. కారు సర్దుకోదుగా! "అందరూ రోడ్డు మీదే పెడుతున్నారు, మనకేం?" అన్నారాయన. నేను కూడా ఊఁ అన్నాను. ఊఁ అన్నదాన్ని గనకే ఇప్పుడీ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

రోడ్డు మీద కార్లు ఆపితే డబ్బులు వసూలు చెయ్యాలన్న మాట మా ఊళ్ళో అప్పుడప్పుడు లేస్తూనే ఉంటుంది. కాగితాల మీద 2015 నుంచి రాజమహేంద్రవరం అయినా మా నోటికి రాజమండ్రే అయిన ఈ ఊళ్ళో, కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు మీదుగా ఓసారి నడిచిన వాళ్ళెవరికైనా ఆ మాట ఎందుకు లేస్తుందో తెలుస్తుంది. తాడితోట మార్కెట్టుకి పెళ్ళిబట్టల కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కార్లలో వస్తారు. ఆసుపత్రులకని రెండు గోదావరి జిల్లాల వాళ్ళూ ఇక్కడికే వస్తారు. రోడ్లు మాత్రం ఎడ్లబళ్ళూ, రిక్షాలూ తిరిగిన నాటివే.

ఆ మాట లేచినప్పుడల్లా ఇళ్ళల్లో పెద్ద రభస. మొన్న సాయంత్రం మా అరుగు మీద చేరిన నలుగురిలో ముగ్గురు, "ఇంకా నయం, గాలి పీల్చినందుకు పన్ను వెయ్యలేదు" అన్నారు. మావారైతే, "లైఫ్ టాక్సు కట్టించుకున్నారు కదా, మళ్ళీ ఇదేమిటీ?" అని అంతెత్తున లేచారు. నిజమే, కట్టాం. కానీ ఆ లైఫ్ టాక్సు వెళ్ళేది రాష్ట్ర ప్రభుత్వానికి. అది బండి తిరిగినందుకు కట్టేదే తప్ప, మా వీధి మలుపుని రాత్రీ పగలూ మాకు రాసిచ్చినందుకు కాదు. వీధి ఊడవడం, దీపం వెలిగించడం, కాలవ తీయించడం కార్పొరేషన్ పని. దానికి మనం కట్టేది ఇంటి పన్ను. ఆ ఇంటి పన్ను కారున్న వాళ్ళూ కడుతున్నారు, జన్మలో కారు ఎక్కని పక్కింటి పిన్నిగారూ కడుతున్నారు. మా కారు కింద ఉన్న జాగాలో పిన్నిగారి వాటా కూడా ఉందన్నమాట.

ఆ జాగా ఎంతో ఓసారి లెక్క వేశాను. కారు ఆపడానికి గీసే గడి ఇంచుమించు అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. మన లెక్కలో పదిహేను గజాలు. దానవాయిపేటలో పదిహేను గజాల స్థలం ఎంత పలుకుతుందో నేనిక్కడ రాయను, చదివేవాళ్ళకి గుండె గుభేలుమంటుంది. మామ్మ పట్టా పరిస్తే గజం, గజంన్నర. గజానికి చీటీ కోసి, పదిహేను గజాలకి ఊరికే ఇవ్వడం ఎక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఇది నా సొంత పైత్యమేమీ కాదు. 2006లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలోనే, ఊళ్ళల్లో భూమి విలువైనది, పార్కింగు రుసుం ఆ భూమి విలువకి తగ్గట్టు ఉండాలి అని రాశారు. జపానులో 1962లోనే చట్టం చేసి, కారు పెట్టుకునే చోటు చూపిస్తేగానీ కారు రిజిస్టరు చెయ్యమన్నారు. మనకీ అలాంటి చట్టం ఉండి ఉంటే మావారి ముచ్చట ఏమయ్యేదోనని నవ్వొచ్చింది.

అయితే, డబ్బు తీసుకోవాలి అన్నంత మాత్రాన ఎలాగైనా తీసుకోవచ్చని కాదు. వద్దని కేకలు వేసే వాళ్ళ కోపంలో నిజం ఉంది, అది నాకూ అనుభవమే. రెండేళ్ళ క్రితం మా అత్తగారికి ఒంట్లో బాగాలేక ఓ ఆసుపత్రి చుట్టూ తిరిగాను. పొద్దున్న స్కూటరు పెట్టినందుకు ఒక చీటీ. బయట మందుల షాపుకి వెళ్ళి వస్తే ఇంకో చీటీ. ఇంటికెళ్ళి జావ కాచి తెచ్చేసరికి మూడోది. చీటీ మీద తేదీ లేదు, టైము లేదు, వరస నంబరు కూడా లేదు. వెనక్కి తిప్పి చూస్తే, వాహనంలోని వస్తువులకు మాది బాధ్యత కాదని మాత్రం అచ్చేసి ఉంది. ఇదేమిటి బాబూ అంటే, స్టాండు కుర్రాడు, "నన్నడిగితే ఏం లాభం మేడం, పాట పాడినాయన్ని అడగండి" అన్నాడు. ఆ పాడినాయన ఎవరో, ఎక్కడుంటాడో బోర్డు మీద లేదు. చేతిలో జావ సీసా, లోపల అత్తగారు... అక్కడ నిలబడి దెబ్బలాడే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఓపిక లేకపోవడమే వాళ్ళ పెట్టుబడి.

పాట పద్ధతిలో చిక్కే అది. ఎక్కువ పాడినవాడికి హక్కు. పాడిన డబ్బు రాబట్టుకోవాలి గనక మూడుసార్లు చీటీ కోస్తాడు, గడి నిండినా ఇంకో బండిని ఇరికిస్తాడు. బళ్ళు తగ్గితే అతనికి నష్టం. రోడ్డు ఖాళీ కావడం కోసం రుసుం పెట్టామంటారు, వసూలు మాత్రం రోడ్డు నిండితేనే లాభపడే మనిషికి అప్పజెబుతారు!

ఈ గొడవలో షాపింగ్ మాల్స్ సంగతి వేరు. చాలామంది రెండూ కలిపేస్తారు. 2018లో తెలంగాణ ప్రభుత్వం, మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదనీ, గంటలోపు ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఊరికే వదలాలనీ ఉత్తర్వు ఇచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలోనూ దాదాపు అలాంటి నియమమే వచ్చింది. మంచిదే. ఎందుకంటే ఆ భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడే బండ్లకి చోటు చూపించాలని షరతు. ఆ చోటు చూపించి పై అంతస్తులు లేపుకున్నాక, మళ్ళీ ఆ చోటునే మనకి అద్దెకివ్వడం రెండుసార్లు తినడమే.

ఇంకో రకం ఉంది. ప్లానులో సెల్లారు అని గీయిస్తారు, కట్టాక అందులో గోడౌనో, జెరాక్సు షాపో పెట్టిస్తారు. వచ్చినవాళ్ళ బళ్ళన్నీ రోడ్డు మీదే. ఆ బళ్ళ వాళ్ళకి చీటీ కోసే ముందు, ఆ సెల్లారు తలుపు తీయించడం న్యాయం కదా. సెల్లారు ఖాళీ చేయించలేని ఊళ్ళో రోడ్డు మీద చీటీ పుస్తకం పట్టుకు తిరిగితే జనం ఎందుకు నమ్ముతారు?

మరి ఈ మాటలన్నీ ఎవరితో చెప్పుకోవాలి? మా మునిసిపాలిటీ 1994లో కార్పొరేషన్ అయింది. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో ముగిశాక, ఏళ్ళ తరబడి కార్పొరేటర్లు లేకుండానే ఊరు నడిచింది. అధికారులు పని చెయ్యరని నేననడం లేదు. కానీ మా వీధి మలుపులో ఆకుకూరల మామ్మ కూర్చుంటుందని తెలిసిన మనిషి ఆ లెక్కలు వేసేచోట ఉండాలి. అలాంటి మనిషికి ఓటు భయం కూడా కాస్త ఉండాలి.

అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు ఫోనులో ఓ సంగతి చెప్పాడు. లాస్ ఏంజిలెస్ దగ్గర పాసడీనా అనే ఊళ్ళో, పాతబజారులో 1993లో పార్కింగు మీటర్లు పెట్టబోతే దుకాణాల వాళ్ళు ఒప్పుకోలేదట. వచ్చిన డబ్బు ఆ బజారుకే ఖర్చు పెడతామని ఊరి వాళ్ళు మాటిచ్చాకే దిగొచ్చారు. ఆ డబ్బుతో కాలిబాటలు, దీపాలు, చెట్లు బాగుచేశారు. పాడుబడ్డ బజారు కళకళలాడింది. ఈ సంగతే డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసరు, ఊరికే ఇచ్చే పార్కింగుకి అసలు ఖరీదు ఎంతో లెక్కగట్టిన తన 2005 నాటి పుస్తకంలో రాశారు. మా తమ్ముడు మామూలుగా అక్కడి గొప్పలు చెబితే నేను వినను. ఇది మాత్రం రెండోసారి చెప్పించుకున్నాను.

ఎందుకంటారా? మెయిన్ రోడ్డుకి బట్టలకో, సామాన్లకో వెళ్ళిన ఆడవాళ్ళం ఇంట్లోంచి బయల్దేరే ముందు మంచినీళ్ళు తాగడానికి ఎందుకు జంకుతామో మీకు విడమరచి చెప్పాలా? ఆ బజారులో కారుకి గంటకి ఇరవై రూపాయలు తీసుకోండి, నేను కడతాను. ఆ డబ్బుతో అదే బజారులో తలుపుకి గడియ, కుళాయిలో నీళ్ళు ఉన్న ఓ మరుగుదొడ్డి కట్టించండి. ఈ నెల ఇంత వచ్చింది, ఇందుకు ఖర్చయింది అని అక్కడే బోర్డు మీద రాయండి. పాట పాడినవాడి పేరు, ఫోను నంబరు, రేటు, టైము దాని కిందే రాయండి. అప్పుడు చీటీ అడిగిన కుర్రాడి మీద ఎవరూ నోరు పారేసుకోరు.

స్కూటర్ల దగ్గర మాత్రం తొందరపడొద్దంటాను. పిల్లని ట్యూషన్లో దింపి, కూరలు కొని, అత్తగారి మందులు తెచ్చే ఇల్లాలి బండి ఒక్కోచోట పదేసి నిమిషాలు ఆగుతుంది. దానికి ప్రతిచోటా చీటీ కోస్తే ఆ రోజు కూరల డబ్బు అక్కడే అయిపోతుంది. మొదటి గంట వదిలెయ్యాలి. ఆసుపత్రుల దగ్గర రోగి తాలూకు వాళ్ళకి రోజుకి ఒకటే చీటీ ఉండాలి, ఎన్నిసార్లు తిరిగినా సరే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ హడావుడిలో పెట్టే బోర్డులు పుష్కరాలు అయ్యాక కూడా అలాగే ఉండిపోతాయేమోనని నా అనుమానం. ఇవన్నీ ఇప్పుడే అడిగి ఉంచుకోవడం మంచిది.

మా కారు సంగతి చెప్పలేదు కదూ. రెండు వీధుల అవతల ఓ ఖాళీ స్థలం ఆయన నెలకి ఎనిమిది వందలకి చోటిచ్చాడు. మావారు వారం రోజులు ముభావంగా ఉన్నారు. "కారు ఎక్కాలంటే ముందు అయిదు నిమిషాలు నడవాలి, బాగుంది వరస" అని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు. తెల్లకారు ఇంకా అక్కడే ఉంది. మామ్మ పట్టా మాత్రం మా కారు ఆగిన చోటికి తిరిగి వచ్చింది.

నిన్న స్కూటరు మీద వస్తూ ఆవిడ ఎదురుగా ఆపి, దిగకుండానే గోంగూర రెండు కట్టలు ఇమ్మన్నాను. మామ్మ కట్టల మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"బండి కాస్త అవతల పెట్టి రండమ్మా. ఎదురుగా అడ్డం పెడితే నాకు బేరాలు రావండీ" అంది.