ఖాళీ కుర్చీకి ఎన్ని నీతులో!

2016 ఫిబ్రవరి 13న అమెరికా సుప్రీంకోర్టు జడ్జి ఆంటొనిన్ స్కాలియా చనిపోయాడు. పాడె లేవకముందే కుర్చీ మీద తగువు లేచింది. ఆరోజే సెనేట్‌లో రిపబ్లికన్ పార్టీ నాయకుడు మిచ్ మెకానెల్ ఒక ప్రకటన చేశాడు. ఇది ఎన్నికల ఏడాది, జనం మాట వినాలి, కొత్త అధ్యక్షుడు వచ్చాకే ఆ కుర్చీ నింపాలి అన్నాడు. వినడానికి ఎంత బాగుంది! జనం మాట అంటే ఎవరికి చేదు?

అప్పటికి ఎన్నిక ఇంకా తొమ్మిది నెలల దూరంలో ఉంది. అధ్యక్షుడుగా ఉన్నది బరాక్ ఒబామా. జనం రెండుసార్లు ఓట్లేసి గెలిపించిన నల్లజాతి మనిషి. అక్కడ జడ్జి పేరు అధ్యక్షుడు పంపాలి, సెనేట్ ఒప్పుకోవాలి. మార్చి 16న ఒబామా మెరిక్ గార్లండ్ అనే జడ్జి పేరు పంపాడు. గార్లండ్ తీవ్రవాదేం కాదు, తెల్లవాడే, రెండు పార్టీల్లోనూ మంచిపేరున్న పెద్దమనిషే. అయినా సెనేట్ ఆయన్ని అవుననలేదు, కాదనలేదు. పిలిచి ఒక్క ప్రశ్న అడగలేదు. 293 రోజులు ఆ కాగితం అట్లాగే పడి ఉంది. 2017 జనవరి 3న ఆ సభ గడువు తీరింది, కాగితం చెల్లకుండా పోయింది.

ఈ విద్య మనకు కొత్తేం కాదు. అర్జీని ఒప్పుకోకుండా, కొట్టెయ్యకుండా బల్ల కింద తొక్కిపెట్టడం ఎట్లాగో మండలాఫీసు మెట్లు అరగదొక్కిన ప్రతి కూలివాడికీ తెలుసు. కాదు అంటే ఎందుకు కాదో చెప్పాలి. ఏమీ అనకపోతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

డొనాల్డ్ ట్రంప్ గెలిచాడు. ఆయన పంపిన నీల్ గోర్సచ్ 2017 ఏప్రిల్‌లో ఆ కుర్చీలో కూచున్నాడు. అందుకోసం సెనేట్‌లో అంతవరకు ఉన్న పద్ధతినే మార్చేశారు. చర్చ ముగించి ఓటు పెట్టాలంటే 60 మంది ఒప్పుకోవాలనే నిబంధనను సుప్రీంకోర్టు జడ్జీల విషయంలో ఎత్తేసి, సగానికి ఒక్కరు ఎక్కువుంటే చాలన్నారు. కింది జడ్జీల విషయంలో ఆ నిబంధనను 2013లోనే డెమోక్రాట్లు ఎత్తేశారు. ఒకరు గోడకు కన్నం పెట్టారు, ఇంకొకరు గోడే పడగొట్టారు.

ఇప్పుడు 2020కి రండి. సెప్టెంబరు 18న రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అనే జడ్జి 87 ఏళ్ల వయసులో చనిపోయింది. ఎన్నిక నవంబరు 3న. మధ్యలో 46 రోజులు. నాలుగేళ్ల కింద చెప్పిన నీతి ప్రకారం ఏం చెయ్యాలి? ఆగాలి. కానీ అదే మెకానెల్, మళ్లీ ఆరోజే, ట్రంప్ ఎవరి పేరు పంపినా ఓటింగు పెడతానన్నాడు. అప్పుడు అధ్యక్షుడిది ఒక పార్టీ, సెనేట్‌ది ఒక పార్టీ, ఇప్పుడు రెండూ ఒకటే పార్టీ గనక ఫర్వాలేదన్నాడు. ఏమీ కోనీ బారెట్ పేరు వచ్చింది. అక్టోబరు 26న 52-48 ఓట్లతో ఆమె జడ్జి అయింది. ఎన్నికకు ఎనిమిది రోజులుంది. అప్పటికే కోట్లాది మంది ముందస్తుగా ఓట్లు వేసేసి ఉన్నారు.

తొమ్మిది నెలలుంటే ఎన్నిక మరీ దగ్గరంట, ఎనిమిది రోజులుంటే అడ్డం కాదంట! మేం బడి పంతుళ్లం. మూడో తరగతి పిల్లాడు ఇట్లా లెక్క చేస్తే పలక తుడిపించి మళ్లీ చేయిస్తాం. వాళ్లు మాత్రం ఈ లెక్కతోనే దేశాన్ని ఏలుతున్నారు.

రెండో పార్టీ ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. 2016లో కుర్చీ వెంటనే నింపాలన్న డెమోక్రాట్లు 2020లో ఎన్నికయ్యేదాకా ఆగాలన్నారు. 1992లో సెనేట్ న్యాయ కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న జో బైడెన్, ఎన్నికల వేళ కుర్చీ ఖాళీ అయితే పేరు పంపకుండా ఆగడం మంచిదని సభలో మాట్లాడాడు. 2016లో ఆ మాటనే రిపబ్లికన్లు ఎత్తి చూపించారు. అధికారంలో ఉన్నవాడికి ఒక నీతి, లేనివాడికి ఒక నీతి. పార్టీలు చోటు మారగానే నీతులూ చోటు మారాయి.

ఇంకా వెనక్కి పోతే ఈ తగువు మూలం కనపడుతుంది. 1968 జూన్‌లో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ దిగిపోతానని చెప్పాడు. ఆయన కోర్టే 1954లో నల్లపిల్లలకు వేరు బడి, తెల్లపిల్లలకు వేరు బడి చెల్లదని తీర్పిచ్చింది. ఆ కేసు వాదించిన నల్లజాతి వకీలు థర్‌గుడ్ మార్షల్ 1967లో అదే కోర్టులో జడ్జి అయ్యాడు. 1789లో చట్టం చేసి పెట్టుకున్న కోర్టులో మొదటి నల్ల జడ్జి రావడానికి 178 ఏళ్లు పట్టింది. దక్షిణాది తెల్లదొరల కడుపుమంట మామూలుగా లేదు. అధ్యక్షుడు జాన్సన్ వారెన్ స్థానంలో ఏబ్ ఫోర్టాస్ పేరు పంపగానే రిపబ్లికన్లు, దక్షిణాది డెమోక్రాట్లు కలిసి అడ్డం పడ్డారు. ఫోర్టాస్ మీద డబ్బు విమర్శలు కూడా వచ్చాయి. కానీ దిగిపోయే అధ్యక్షుడు ఎన్నికల ముందు ఇంత పెద్ద కుర్చీ ఎట్లా నింపుతాడన్నది పెద్ద వాదన. సభలో మాట్లాడుతూ, మాట్లాడుతూ ఓటింగే జరక్కుండా చేశారు. నవంబరులో నిక్సన్ గెలిచాడు. 1969లో ఆ కుర్చీలోకి ఆయన మనిషి వారెన్ బర్గర్ వచ్చాడు.

ఒక్క కుర్చీ కోసం ఇంత యుద్ధం దేనికి? అక్కడ మొత్తం తొమ్మిది మందే జడ్జీలు. రిటైర్మెంటు వయసు లేదు. ఎక్కినవాడు చచ్చేదాకా ఉండొచ్చు. బారెట్ ఎక్కేనాటికి ఆమె వయసు 48. అధ్యక్షుడు నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో దిగిపోతాడు. ఆయన పెట్టిన జడ్జి ముప్పయ్యేళ్లు తీర్పులు రాస్తుంది. ఒప్పుకోవాల్సిన సెనేట్‌లో చిన్న రాష్ట్రమైనా పెద్ద రాష్ట్రమైనా ఇద్దరేసి సభ్యులు. 6 లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కి ఇద్దరు, సుమారు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకీ ఇద్దరే. జనం మాట అంటూ గొంతు చించుకునే సభలో జనం లెక్కే లేదు.

ఒక్క ఓటు విలువ నల్లవాళ్లకు బాగా తెలుసు. పోరాడి, నెత్తురోడి 1965లో ఓటు హక్కు చట్టం తెచ్చుకున్నారు. నల్లవాళ్లను ఓటుకు రానీయని చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఓటు నిబంధనలు మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. ఏయే చోట్లకు ఈ షరతు వర్తించాలో చెప్పే లెక్క పాతబడిందంటూ 2013 జూన్ 25న సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. అదేరోజు టెక్సాస్ రాష్ట్రం కఠినమైన గుర్తింపు కార్డు చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. ఆ తీర్పును వ్యతిరేకించిన గిన్స్‌బర్గ్, తడవడం లేదు గదా అని వానలో గొడుగు పారేసినట్టుంది మీ పని అనే అర్థంలో రాసింది. ఆ గొడుగు మాట రాసిన మనిషి కుర్చీనే 2020లో ఎనిమిది రోజుల ముందు నింపేశారు.

ఇంకొక లెక్క చూడండి. కాలేజీ సీట్లు ఇచ్చేటప్పుడు జాతిని కూడా పరిగణనలోకి తీసుకోవచ్చా అన్న టెక్సాస్ యూనివర్సిటీ కేసులో 2016 జూన్‌లో అదే కోర్టు తీర్పిచ్చింది. స్కాలియా కుర్చీ ఖాళీ. ఒక జడ్జి తప్పుకుంది. మిగిలినవాళ్లు 4-3తో తీసుకోవచ్చు అన్నారు. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో అదే కోర్టు కూడదు అంది. ఈ ఏడేళ్లలో అమెరికా రాజ్యాంగంలో ఆ విషయం మీద ఒక్క అక్షరం మారలేదు. నల్లవాళ్ల బతుకులు మారిపోయి అందరూ సమానమైపోలేదు. మారింది కుర్చీల్లో మనుషులు. గార్లండ్‌కు దక్కనీయని కుర్చీలో గోర్సచ్, గిన్స్‌బర్గ్ కుర్చీలో బారెట్, ఇద్దరూ కూడదన్న వైపే ఉన్నారు. అంతకు ముందేడు, 2022 జూన్ 24న, గర్భం ఉంచుకోవాలో వద్దో నిర్ణయించుకునే హక్కు స్త్రీకి ఉందన్న 1973 నాటి తీర్పును తిరగరాసినప్పుడూ వాళ్లిద్దరూ అటే ఉన్నారు.

అందుకే మేం ఇది రాస్తున్నాం. మేం రిజర్వేషన్ సీటుతో చదువుకుని మా ఇళ్లల్లో మొదటిసారి డిగ్రీ కాగితం చూసిన వాళ్లం. సీటు ఇచ్చేది పుస్తకంలో రాసిన మాటే అని అనుకుంటాం. ఆ మాటకు అర్థం చెప్పే మనిషి మారితే పుస్తకం అట్లాగే ఉంటుంది, సీటు ఎగిరిపోతుంది.

మీటింగుల్లో కుర్రాళ్లు ఒకమాట అడుగుతారు, కోర్టులో మనవాడు ఒకడుంటే చాలదా సార్ అని. కావాలి, తప్పకుండా కావాలి. కానీ అమెరికా నుంచే ఇంకొక సంగతి నేర్చుకోండి. 1991లో థర్‌గుడ్ మార్షల్ దిగిపోయాక ఆ కుర్చీలో పెట్టిన క్లారెన్స్ థామస్ కూడా నల్లవాడే. 2023లో నల్లపిల్లల సీట్లకు ఎసరు పెట్టిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. ఏలేవాళ్లు మన రంగు చూసి మోసపోవాలని తమకు పనికొచ్చే మనిషిని వెతికి పెడతారు. మనిషి పుట్టుక చూడాలి, రాసిన తీర్పులూ చూడాలి.

ఈ ప్రమాదం బాబాసాహెబ్ అంబేద్కర్‌కు ముందే తెలుసు. 1949 మే 24న రాజ్యాంగ సభలో జడ్జీల నియామకం మీద మాట్లాడుతూ ఆయన అమెరికా పద్ధతిని పేరు పెట్టి ప్రస్తావించాడు. సెనేట్ ఒప్పుకోలు పద్ధతి పెడితే రాజకీయ ఒత్తిళ్లు చొరబడతాయని హెచ్చరించాడు. అట్లాగని అంతా ప్రధాన న్యాయమూర్తి చేతికే ఇవ్వమనీ అనలేదు. ఆయనా మనిషే, అందరికీ ఉండే లోపాలు, ఇష్టాయిష్టాలు ఆయనకూ ఉంటాయన్నాడు. మధ్యేమార్గం పెట్టాడు.

ఆ మధ్యేమార్గం ఏమైంది? 1993 తీర్పుతో, 1998 అభిప్రాయంతో జడ్జీలే జడ్జీలను ఎంచుకునే కొలీజియం వచ్చింది. 2014లో పార్లమెంటు వేరే కమిషన్ చట్టం చేస్తే 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. పోనీ ప్రభుత్వం చేతులు కట్టుక్కూచుందా? ఉత్తరాఖండ్‌లో రాష్ట్రపతి పాలనను 2016లో కొట్టేసిన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కె.ఎం. జోసెఫ్ పేరు 2018 జనవరిలో కొలీజియం పంపితే ఏప్రిల్‌లో తిప్పి పంపింది. ఆయన సుప్రీంకోర్టు చేరేసరికి ఆగస్టు అయింది. అమెరికాలో కొట్లాట నడివీధిలో జరుగుతుంది. మనకు తలుపులు మూసి జరుగుతుంది. నలిగేది రెండు చోట్లా మనలాంటివాళ్లమే.

మన లెక్కా వేసుకుందాం. 1950లో సుప్రీంకోర్టు మొదలైతే మొదటి దళిత జడ్జి ఎ. వరదరాజన్ రావడానికి 1980 దాకా పట్టింది. తెలుగువాడైన కె. రామస్వామి 1989 నుంచి 1997 దాకా ఉన్నాడు. 2010 మేలో కె.జి. బాలకృష్ణన్ దిగిపోయాక 2019 మేలో బి.ఆర్. గవాయి వచ్చేదాకా తొమ్మిదేళ్లు అక్కడ ఒక్క దళితుడు లేడు. ఆ తొమ్మిదేళ్లలోనే, 2018 మార్చి 20న, ఇద్దరు జడ్జీల బెంచి అట్రాసిటీ చట్టం పళ్లూడగొట్టింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేశాం, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టం సవరించింది. 2019 అక్టోబరు 1న ముగ్గురు జడ్జీల బెంచి పాత ఆదేశాలు వెనక్కి తీసుకుంది. ఆ ముగ్గురిలో గవాయి ఒకడు. ఇది ఆయన ఒక్కడి ఘనత అనం. వీధిలో మనం, బెంచీ మీద మన బతుకు తెలిసినవాడు, రెండూ ఉంటేనే తీర్పు కదిలిందని మాత్రం అంటాం.

కాబట్టి మన ఊళ్లకు ఓట్లకోసం వచ్చే ఏ పార్టీ వాడినైనా నిలేసి అడగండి. కుర్చీ ఖాళీ అయితే ఎన్ని రోజుల్లో నింపాలో రాసి పెడతారా? పేరు తిప్పి పంపితే కారణం బయటపెడతారా? హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో ఎస్సీ, ఎస్టీ, బీసీలు, ఆడవాళ్లు ఎందరున్నారో ఏటేటా లెక్క చెబుతారా? ఎన్నికలు దగ్గరైనా, దూరమైనా ఒకటే నిబంధన ఉంటుందా?

కుర్చీ ఖాళీ అయ్యాక నీతి వెతుక్కునేవాళ్లను నమ్మకండి. వాళ్లకు కావలసిన నీతి ఎప్పుడూ దొరుకుతుంది. కుర్చీ నిండుగా ఉన్నప్పుడే, ఎవరు గెలుస్తారో తెలియనప్పుడే నిబంధన రాయించుకోవాలి. ఆ పని మనకోసం ఇంకెవరూ చేసిపెట్టరు.