శాంపిల్‌గా ఉన్నది చాలు, ఇక ప్రశ్నలు మనమే అడుగుదాం

నర్సింగ్ చదువుతున్న మన చెల్లెళ్ల కోసం, తమ్ముళ్ల కోసం రాస్తున్నాం ఇది. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మొన్న జర్నల్ క్లబ్‌లో మాకొక పేపర్ ఇచ్చి క్రిటిక్ చేయమన్నారు. గిరిజన మహిళల్లో రక్తహీనత గురించిన అవగాహన మీద పేపర్ అది. మేమేం చేశాం? అందరూ చేసేదే చేశాం. టైటిల్ స్పష్టంగా ఉంది, అబ్‌స్ట్రాక్ట్ క్లుప్తంగా ఉంది, రిఫరెన్సులు సరిపోయాయి అని సీనియర్ల ఫైలు చూసి దించేశాం. మార్కులు కూడా పడ్డాయి. ఆ పేపర్ చివర 'గిరిజన మహిళలకు అవగాహన తక్కువ' అని తేల్చేశారు. ఆ మాట మన అమ్మల గురించి. మాలో ఒక్కరం నోరెత్తలేదు. సిగ్గుపడాల్సింది అక్కడే.

రూముకొచ్చి మళ్లీ చదివాం. అరవై మంది ఆడవాళ్లు, అందరూ ఒకే ఊరోళ్లు. వాళ్లను చూసి గిరిజన మహిళలందరి మీదా తీర్పు చెప్పేశారు. ప్రశ్నలు ఇంగ్లీషులో తయారుచేసి తెలుగులోకి మార్చారు. ఇంట్లో కోయ మాట్లాడే అమ్మకు 'రక్తహీనత' అనే పుస్తకం మాట అర్థం కాకపోతే అది ఆమె తప్పా, ప్రశ్నాపత్రం తప్పా? పాఠం చెప్పి, వారం తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. స్కోరు పెరిగింది, పి విలువ 0.05 కంటే తక్కువ, కాబట్టి బోధన ఫలించింది అన్నారు. పాఠం వినని ఇంకో గుంపును పెట్టి పోల్చారా? లేదు. ప్రశ్నలు గుర్తుండి కూడా స్కోరు పెరగొచ్చు కదా. పి విలువ తక్కువంటే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండటం కష్టం అని మాత్రమే అర్థం. ఆ తేడా పాఠం వల్లే వచ్చిందని గానీ, ఒక్కరికైనా రక్తం పెరిగిందని గానీ అది చెప్పదు. ఆ ఊరికి ఐరన్ మాత్రలు అందుతున్నాయా అనే ప్రశ్నే అందులో లేదు.

ఇదంతా అంటే, "పబ్లిష్ అయిన పేపర్‌లో తప్పులు పట్టేంత పెద్దవాళ్లయ్యారా?" అంటారు. అయ్యాం. ఎందుకో చెప్తాం, ఖమ్మం గుర్తుచేసుకోండి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు అది. ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదనే విచారణలో చెప్పారు. మేము కూడా టీకా చెడ్డదని అనడం లేదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా అది. మా గొడవ అనుమతి గురించి. విచారణలో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది అమ్మానాన్నలు కాదు, హాస్టల్ వార్డెన్లు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. దాన్ని నడిపినవాళ్లు 'అబ్జర్వేషనల్ స్టడీ' అన్నారు. పేరు మార్చినంత మాత్రాన పిల్లల చేతికి గుచ్చిన సూది మారుతుందా?

ఇలాంటి స్టడీని పేపర్‌గా రాస్తే 'తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాం' అని ఒక్క లైనుతో సరిపోతుంది. ఆ లైను దగ్గర ఆగి "ఎవరు అడిగారు? ఏ భాషలో? వద్దనే వీలుందా?" అని అడగడమే క్రిటిక్. ఆ ప్రశ్న హాస్టల్లో పెరిగిన మనకు తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

అందుకే ఇక నుంచి ఏ పేపర్ చేతికొచ్చినా ముందు కన్‌క్లూజన్ చదవకండి. మెథడ్స్ చదవండి. ఎవరిని తీసుకున్నారు, ఎలా ఎంచుకున్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు చూడండి. టూల్ ఏ భాషలో ఉంది, ఆ భాషలో సరిచూశారా చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, డబ్బు ఎవరిది చూడండి. చివరికి, వాళ్లు తేల్చిన మాట వాళ్ల టేబుళ్లలో నిజంగా ఉందా సరిపోల్చండి. బాగున్నది ఉంటే బాగుందని కూడా రాయండి, క్రిటిక్ అంటే తిట్టడం కాదు.

రేపు పీహెచ్‌సీలో సూది పట్టేది మనమే. వార్డెన్ సంతకం ఉన్న ఫారం ముందుకు జరిపి "వేసేయ్ సిస్టర్" అని చెప్పేది కూడా మనకే. ఈరోజు పేపర్‌ను ప్రశ్నించలేని నోరు ఆరోజు లేవదు. కాబట్టి ఫైలు కాపీ కొట్టడం ఆపేద్దాం. ఈ వారం మీకిచ్చిన ఆర్టికల్ ఏదో కింద కామెంట్లో పెట్టండి, కలిసి కూర్చుని చదువుదాం.

జై ఆదివాసీ.