నిద్రపట్టని రాత్రులు – దూరదేశపు దిగులు

ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్ర మహారాజుకు ఒక రాత్రి నిద్ర కరవైంది. రాయబారానికి వెళ్లిన సంజయుడు పాండవుల వద్ద నుండి తిరిగివచ్చి, రాజును నాలుగు మాటలని, ధర్మరాజు పంపిన సందేశాన్ని మాత్రం మరునాడు సభలో వినిపిస్తానని సెలవు తీసుకొన్నాడు. ఆ సందేశంలో ఏమున్నదో తెలియక మనసు దహించుకొనిపోగా రాజు విదురుని పిలిపించుకొన్నాడు. ఆ రాత్రి జరిగిన సంభాషణే విదురనీతి. వ్యాసభారతంలో ఆ భాగానికి ప్రజాగరపర్వమని పేరు, ప్రజాగరమంటే జాగరణ. ఇందులో గమనింపదగిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఆ రాత్రి రాజును నిద్రకు దూరం చేసినది యుద్ధం కాదు. యుద్ధం ఇంకా రానేలేదు. చెప్పకుండా దాచి ఉంచిన వార్త ఆ పని చేసింది.

ఆస్ట్రేలియాలోని తెలుగు ఇండ్లలో ఈ ప్రజాగరం నేడు అపరిచితం కాదు. 2016 జనాభా లెక్కలలో ఇంట తెలుగు మాట్లాడుతామని చెప్పినవారు 34 వేలకు పైబడి ఉండగా, 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలు దాటింది. వీరిలో ఎందరికో వృద్ధులైన తల్లిదండ్రులు స్వదేశంలోనే ఉన్నారు. హైదరాబాదులో రాత్రి 9 గంటలైనప్పుడు సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలలో అర్ధరాత్రి దాటి 1:30 అవుతుంది; వేసవిలో గడియారాలను ముందుకు జరిపిన నెలలలో 2:30 అవుతుంది. అక్కడ పనులు ముగించుకొని తీరికగా ఫోను అందుకొనే వేళ ఇక్కడ గాఢనిద్ర వేళ. ఆ వేళలో ఫోను మోగిందంటే ముందుగా గుండె ఝల్లుమంటుంది. మోగకపోయినా, మోగుతుందేమోనన్న శంక వీడదు.

2021లో ఈ శంక పరాకాష్ఠకు చేరింది. కోవిడ్ రెండవ తాకిడికి భారతదేశం తల్లడిల్లుతున్న ఏప్రిల్ 27న ఆస్ట్రేలియా ప్రభుత్వం అక్కడి నుండి వచ్చే విమానాలను నిలిపివేసింది. మే 3 నుండి 15 వరకు, అంతకు ముందు 14 రోజులలో భారతదేశంలో ఉన్నవారు ఈ దేశంలో అడుగుపెట్టడమే నేరమైంది. 66,600 డాలర్ల వరకు జరిమానా, 5 సంవత్సరాల వరకు కారాగారం విధింపవచ్చునని ఉత్తర్వు వెలువడింది. ఈ దేశపు పౌరులు, శాశ్వత నివాసులు అనుమతి లేకుండా బయటకు వెళ్లరాదన్న నిషేధం 2020 మార్చి నుండి 2021 నవంబరు 1 వరకు కొనసాగింది. తల్లికి ప్రాణవాయువు సిలిండరు దొరికిందో లేదో ఫోనులో వింటూ, వెళ్లే దారి లేక కూర్చున్నవారికి నిద్ర రాకపోవడంలో వింత లేదు. వింత అయినదల్లా సరిహద్దులు తెరచిన పిమ్మట కూడా కొందరికి ఆ నిద్ర తిరిగి రాకపోవడం.

దీనికి శాస్త్రం చెప్పే సమాధానం స్పష్టమైనది. నిద్రను నడిపే శక్తులు ప్రధానంగా రెండు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ వంటి పదార్థాలు పేరుకొని నిద్రభారాన్ని పెంచుతాయి. వెలుగుచీకట్లను అనుసరించి శరీరంలోని గడియారం నిద్రవేళను నిర్ణయిస్తుంది. అయితే ఈ రెండింటినీ అడ్డగించగల మూడవది ఒకటి ఉన్నది: ప్రమాదాన్ని కనిపెట్టుకొని ఉండే జాగరూకత. ఉరుముకు కదలని తల్లి పసిబిడ్డ కదలికకు లేచి కూర్చుంటుంది. నిద్రలోనూ మెదడు అర్థవంతమైన శబ్దాన్ని ఏరుకొంటుంది. కాపలా కాయవలసినది ఏదో ఉన్నదని నమ్మిన మెదడు తలుపు పూర్తిగా మూయదు.

అమెరికన్ మనోవిజ్ఞానవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1980 దశకంలో నిద్రలేమి కారణాలను మూడుగా విభజించాడు: స్వభావసిద్ధమైనవి, రోగాన్ని ఆరంభించేవి, దానిని కొనసాగించేవి. కష్టం నిద్రలేమిని ఆరంభిస్తుంది. కష్టం తీరిన తరువాత దానిని కొనసాగించేవి మనిషి అలవాట్లు. పోయిన నిద్రను రాబట్టుకోవాలని రాత్రి 8 గంటలకే పడుకోవడం, మంచంపై గంటల తరబడి దొర్లడం, మాటిమాటికీ గడియారం చూడడం, పగలు కునుకు తీయడం, సాయంకాలపు కాఫీ ఈ కోవలోనివే. క్రమంగా పడక విశ్రాంతికి గుర్తుగా కాక విచారానికి గుర్తుగా మారుతుంది. సోఫాలో తూగినవాడు మంచమెక్కగానే మేలుకోవడానికి కారణమిదే. వారానికి 3 రాత్రులైనా, 3 నెలలకు మించి ఈ స్థితి సాగి పగటిపనికి ఆటంకమైతే దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా వైద్యులు పరిగణిస్తారు.

మాత్రతో సరిపెట్టుకోవాలన్న కోరిక సహజం. కాని నిద్రమాత్రలలో పెక్కింటిని కొద్ది వారాలకు మించి వాడడం అలవాటుకు దారితీస్తుంది. వృద్ధులలో తూలిపడే ప్రమాదాన్ని పెంచుతుంది. స్వదేశంలో చిరపరిచితమైన ఆల్ప్రజోలామ్‌ను ఆస్ట్రేలియా 2014లో కఠిన నియంత్రణ గల 8వ షెడ్యూలులో చేర్చింది. బంధువు సంచిలో వచ్చిన మాత్రను చేబదులుగా మింగడం వైద్యం కాదు. మద్యం నిద్రను తెచ్చినట్లు తెచ్చి తెల్లవారుజామున చెడగొడుతుంది.

మందుల కంటె ముందు వాడవలసినది ప్రవర్తన, ఆలోచనలను సరిదిద్దే చికిత్స అని 2016లో అమెరికన్ వైద్యుల కళాశాల సిఫారసు చేసింది. అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో లియాన్ లాక్ మొదలైనవారు దశాబ్దాలుగా ఇట్టి మందులేని చికిత్సలపై పరిశోధించారు. అందులోని సూత్రాలు సరళమైనవి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడకకు చేరాలి. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచినట్లు తోచినా నిద్ర రాకపోతే లేచి మరొక గదిలో మసక వెలుతురులో కూర్చుని, నిద్ర వచ్చినప్పుడే తిరిగిరావాలి. రాత్రి ఎట్లా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలి. పడకపై గడిపే కాలాన్ని కొన్నాళ్లు తగ్గించి నిద్ర గట్టిపడిన తరువాత పెంచే పద్ధతీ ఉన్నది. పగటి మగత వల్ల వాహనం నడిపేవారికి అపాయం గనుక దానిని నిపుణుల పర్యవేక్షణలోనే పాటించాలి.

మరి దిగులు మాటేమిటి? దిగులును వద్దనుకొంటే పోదు. దానికి వేరొక వేళ ఇవ్వాలి. సాయంకాలం ఒక అరగంట కేటాయించి, కాగితంపై చింతలను వ్రాసి, ఒక్కొక్కదాని పక్కన చేయగల పనిని వ్రాయడం మనోవైద్యులు నేర్పే పద్ధతి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువజనులపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, పడుకొనేముందు 5 నిమిషాలపాటు మరునాటి పనులను వ్రాసినవారు, చేసిన పనులను వ్రాసినవారి కంటె సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. కాగితం గుర్తుంచుకొంటుందన్న భరోసా కలిగితే మెదడు కాపలా సడలిస్తుంది.

అయితే ప్రవాస తెలుగు కుటుంబాలకు కాగితం ఒక్కటే చాలదు. వారి కాపలాకు మూలం మరొకచోట ఉన్నది. "చెబితే కంగారు పడతాడు, దూరాన ఉన్నవాడు" అని స్వదేశంలోని పెద్దలు జబ్బును దాచుతారు. శస్త్రచికిత్స జరిగిన వారానికి ఆ సంగతి బయటపడుతుంది. ఇక్కడివారూ ఉద్యోగం పోయిన సంగతిని అట్లే దాచుతారు. ఈ దాపరికం ప్రేమతో చేసినదే. కాని దాని ఫలితం క్రూరమైనది. ఒకసారి దాచినట్లు తెలిసిన మీదట "అంతా బాగున్నాం" అన్న మాటకు విలువ పోతుంది. అమ్మ గొంతులోని జీరను, నాన్న తప్పించిన ప్రశ్నను రాత్రంతా నెమరువేసుకోవలసి వస్తుంది. సంజయుడు దాచిన సందేశం వలెనే చెప్పని మాట నిద్రను హరిస్తుంది.

దుర్వార్త తెలిస్తే మాత్రం నిద్ర పడుతుందా అని అడుగవచ్చును. కొన్ని రాత్రులు పట్టదు. కాని తెలిసిన కష్టానికి చేయవలసిన పని ఉంటుంది; తెలియని కష్టానికి అంతు ఉండదు. కనుక ప్రతి కుటుంబం ఒక ఒప్పందం చేసుకోవడం మేలు. ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. మాటలకు పగటివేళ నిర్ణయించుకోవాలి. మెల్‌బోర్న్‌లో సాయంకాలం 6:30 అయితే హైదరాబాదులో మధ్యాహ్నం 2 గంటలు, ఇక్కడి వేసవిలో 1 గంట. అత్యవసరమైతే అర్ధరాత్రి ఫోను చేయవలసినది ఎవరో ఒక్కరిని నిర్ణయించి, ఆ ఒక్క నంబరు తప్ప మిగిలినవి రాత్రి మోగకుండా అమర్చుకోవాలి. అటువంటి కబురు వస్తే ఎవరు బయలుదేరాలో, పాస్‌పోర్టులు ఎక్కడ ఉన్నాయో, ఆస్పత్రికి మొదట చేరగల బంధువు ఎవరో పగలే మాట్లాడుకోవాలి. అప్పుడు మౌనమంటే క్షేమమనే అర్థం స్థిరపడుతుంది.

ఇంతకూ తీరని నిద్రలేమికి కుటుంబ వైద్యుని సంప్రదించాలి. గురక, ఊపిరి ఆగడం, థైరాయిడు లోపం, కుంగుబాటు వంటివి వెనుక ఉండవచ్చును. వైద్యుడు మానసిక ఆరోగ్య చికిత్సా ప్రణాళిక వ్రాసి ఇస్తే సంవత్సరానికి 10 వరకు మనోవైజ్ఞానిక సందర్శనలకు మెడికేర్ రాయితీ లభిస్తుంది. సిడ్నీలోని సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రికి సంబంధించిన దిస్ వే అప్ సంస్థ నిద్రలేమికై ఇంటి వద్దనే నేర్చుకోగల పాఠక్రమాన్ని నిర్వహిస్తున్నది. ఇంగ్లీషులో బాధ చెప్పుకొనలేని పెద్దలు 131 450 ద్వారా దుభాషిని కోరవచ్చును. బ్రతుకు భారమనిపించే రాత్రి 13 11 14 నంబరులో లైఫ్‌లైన్ 24 గంటలూ పలుకుతుంది. వీటిని వాడుకోవడం పరువుకు భంగమని భావించేవారు ఇంకా ఉండడమే విచారకరం.

నిద్ర సుఖమెరుగదని నానుడి. చాపైనా చాలునన్న ఆ నిద్ర, ఖరీదైన పరుపుపై సైతం అనుమానాన్ని మాత్రం సహింపదు. సముద్రాల దూరాన్ని విజ్ఞానం తగ్గించలేకపోయినా, మాటల మధ్య దాపరికాన్ని తగ్గించుకోవడం ప్రతి ఇంటివారి చేతిలోనే ఉన్నది.