కషాయం కాస్తా... సోడా బండెక్కింది!

అనకాపల్లి అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బెల్లం. పానకానికీ పాయసానికీ వాడే ఆ బెల్లానికి ఆయుర్వేదంలోనూ పెద్ద పీటే. ఆసవాలు పులియడానికి వేసేది దాన్నే మరి. అలా బెల్లంతో కలిసి మందుసీసాలోకి చేరిన ఓ వేరు, వేసవిలో సోడా బండి మీదికీ వచ్చేసింది. అదే సుగంధిపాల. రాయలసీమవాసులకు నన్నారి.

సంస్కృతంలో దీని పేరు సారిబ. ఒంట్లో వేడి తగ్గడానికీ రక్తశుద్ధికీ చర్మవ్యాధులకీ వైద్యులు ఈ వేరుతో కషాయం కాచి ఇచ్చేవారు. సారిబాద్యాసవం ఇప్పటికీ ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతుంది. తెల్లదొరలు సైతం దీన్ని 'ఇండియన్‌ సార్సపరిల్లా' అంటూ 1864లో బ్రిటిష్‌ ఫార్మకోపియాలో చేర్చుకున్నారు.

మందుకి ఇంత కమ్మని వాసన ఉంటే జనం ఊరుకుంటారా! వెనిలాకి ఆ పరిమళాన్నిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టమే ఈ వేళ్లలోనూ ఉంటుంది. అందుకే వేళ్లను కడిగి, దంచి, నీళ్లలో మరిగించి, వడగట్టి, పంచదారో బెల్లమో వేసి పాకం పట్టారు. దానికి నిమ్మరసం తోడైంది. 1872లో హైరమ్‌ కాడ్‌ అనే ఇంగ్లిషాయన పేటెంట్‌ తీసుకున్న గోలీసోడా కూడా జతకలిసింది. అంతే, సుగంధి సోడా సిద్ధం!

కోకకోలాదీ ఇలాంటి కథే. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడి మార్ఫిన్‌కి అలవాటుపడిన ఫార్మసిస్టు జాన్‌ పెంబర్టన్‌, 1886లో అట్లాంటాలో దాన్ని తయారుచేశాడు. తలనొప్పినీ నీరసాన్నీ పోగొట్టే టానిక్‌ అంటూ మందుల షాపులోనే గ్లాసు అయిదు సెంట్లకు అమ్మారు.

అయితే సుగంధికి ఇప్పుడో చిక్కొచ్చిపడింది. షర్బత్‌ కోసం చాలాచోట్ల వాడుతున్నది అలాంటి వాసనే ఉండే మారేడు గడ్డల్ని. అడవిలో గడ్డ తవ్వితే మొక్క మిగలదు. అలా తవ్వీ తవ్వీ అది అంతరించిపోయే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. మరోపక్క, వేరు ఊసే లేకుండా ఎసెన్సూ రంగూ కలిపిన సీసాలూ అమ్ముతున్నారు. కాబట్టి కొనేముందు లేబుల్‌ చదవాల్సిందే. అన్నట్టు, అసలు వేరుతో చేసినదైనా అందులో ఎక్కువగా ఉండేది పంచదారే. మందు కదా అని మధుమేహులు గ్లాసులకొద్దీ తాగేస్తే మాత్రం అసలు మందులు మింగాల్సి వస్తుంది!