తొలి సీజన్ యావరేజ్ చూసి డిసైడ్ అయిపోతున్నారా? అజార్, లక్ష్మణ్, తిలక్ లెక్కలు ఏం చెబుతున్నాయంటే..

ఆదివారం పొద్దున్నే మదీనాగూడ, చందానగర్ వైపు వెళ్తే భుజాన కిట్ బ్యాగులతో పిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు కనిపిస్తారు. మ్యాచ్ అవ్వగానే చాలామంది ఫోన్‌లో స్కోరింగ్ యాప్ తెరిచి ముందు చూసేది ఒక్కటే.. మావాడి యావరేజ్ ఎంత? సెలక్షన్ వస్తుందా రాదా అన్న టెన్షన్ అంతా ఆ నంబర్ మీదే. మరి దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

దీనికి సమాధానం పక్కనే ఉంది. మదీనాగూడకు దగ్గర్లోని లింగంపల్లిలో శిక్షణ తీసుకున్న తిలక్ వర్మ కెరీర్‌నే చూద్దాం. ఎలక్ట్రీషియన్ కొడుకైన తిలక్‌ను 2022 ఐపీఎల్ వేలంలో ముంబై ఇండియన్స్ రూ.1.7 కోట్లకు కొనుక్కుంది. ఆ సీజన్‌లో ముంబై వరసగా 8 మ్యాచ్‌లు ఓడి, చివరి స్థానంలో నిలిచింది. 19 ఏళ్ల తిలక్ మాత్రం 14 మ్యాచ్‌ల్లో 397 పరుగులు చేశాడు. యావరేజ్ 36.09.

అసలు లెక్క ఇదీ

చేసిన పరుగులను ఆడిన ఇన్నింగ్స్‌తో కాదు, అవుటైన సార్లతో భాగిస్తే వచ్చేదే యావరేజ్. తిలక్ ఆ 14 ఇన్నింగ్స్‌లో మూడుసార్లు నాటౌట్. అందుకే 397ను 11తో భాగించారు. అదే 14తో భాగిస్తే 28 దాటి కొంచెమే వస్తుంది. అంటే ఆఖర్లో వచ్చి నాటౌట్‌గా మిగిలే బ్యాటర్‌కు యావరేజ్ పెరుగుతుంది. ఓపెనర్‌కు ఆ చాన్స్ తక్కువ. ఇద్దరినీ ఒకే నంబర్‌తో పోలిస్తే ఎలా?

అవే 343 పరుగులు.. రెండు కథలు

2023లో తిలక్ 11 మ్యాచ్‌ల్లో 343 పరుగులు చేశాడు. స్ట్రైక్ రేట్ 164 పైనే. 2025లోనూ సరిగ్గా 343 పరుగులే. కానీ అందుకు 16 మ్యాచ్‌లు పట్టింది, స్ట్రైక్ రేట్ 138 దగ్గర ఆగింది. యావరేజ్ కూడా 42.87 నుంచి 31.18కి పడింది. 2025 ఏప్రిల్‌లో లక్నోతో మ్యాచ్‌లో 23 బంతుల్లో 25 దగ్గర ఉండగా జట్టు అతన్ని రిటైర్డ్ అవుట్‌గా వెనక్కి పిలిచింది కూడా.

ఇక పని అయిపోయిందా? లేదు. అదే ఏడాది సెప్టెంబర్ 28న ఆసియా కప్ ఫైనల్. పాకిస్థాన్‌పై 147 కొట్టాల్సిన టీమిండియా 20 పరుగులకే 3 వికెట్లు కోల్పోయింది. తిలక్ 53 బంతుల్లో 69 నాటౌట్‌గా నిలిచి కప్పు తెచ్చాడు. ఆ రోజు స్ట్రైక్ రేట్ 130 మాత్రమే. కానీ జట్టుకు కావాల్సింది అదే.

109.75తో మొదలైనా.. సెంచరీ లేక ఎదురుచూసినా..

హైదరాబాద్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 1984-85లో ఇంగ్లండ్‌పై అరంగేట్రం చేసిన అజారుద్దీన్ తన తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు బాదాడు. ఆ సిరీస్‌లో 439 పరుగులు, యావరేజ్ 109.75.

వీవీఎస్ లక్ష్మణ్ పరిస్థితి పూర్తిగా రివర్స్. 1996 నవంబర్‌లో తొలి టెస్టు ఆడితే, తొలి సెంచరీ వచ్చింది 2000 జనవరిలో, సిడ్నీలో. అంటే మూడేళ్లకు పైగా నిరీక్షణ. మరుసటి ఏడాదే ఈడెన్ గార్డెన్స్‌లో 281.

చివరికి ఇద్దరి టెస్టు యావరేజ్ ఎంతో తెలుసా? అజార్ 45.03, లక్ష్మణ్ 45.97. ఒకరు ఆకాశం నుంచి మొదలుపెట్టారు, ఇంకొకరు నేల మీద నుంచి. ఇద్దరూ చేరింది దాదాపు ఒక్క చోటికే.

తల్లిదండ్రులు చూడాల్సింది ఇదే

తొలి సీజన్ అదిరితే మంచిదే, అవకాశాలు త్వరగా వస్తాయి. కానీ యావరేజ్ కాపాడుకోవాలని పదమూడేళ్ల పిల్లాడు చివరి ఓవర్‌లో సింగిల్స్‌తో సరిపెట్టుకుంటే నష్టపోయేది వాడి ఆటే. కాబట్టి యాప్‌లో ఆ ఒక్క నంబర్ చూసి ఆగకండి. ఏ పొజిషన్‌లో దిగాడు, జట్టు స్కోరు అప్పుడెంత, ఎన్ని బంతులు ఆడాడు అన్నదీ చూడండి. తొలి ఏడాది నంబర్‌తో లక్ష్మణ్‌ను పక్కన పెట్టేసి ఉంటే, ఆ 281 మనం చూసేవాళ్లమే కాదు.